వంటగదికి కిటికీ పెట్టబోతే

ఆ ఇంటి మగవాళ్లను తరాలవారీగా వరసలో నిలబెట్టి అడగాలి. మీరు తిన్న ప్రతి ముద్దా ఎక్కడ ఉడికిందో ఒక్కసారైనా తొంగిచూశారా? చూడలేదు. చూసి ఉంటే, పట్టపగలు బల్బు వేసుకుంటే తప్ప ఉప్పేదో పంచదారేదో తెలియని ఆ చీకటి కొట్టును వంటగది అనడానికి నోరు వచ్చేది కాదు. పొలాల మధ్య రాజాలా నిలబడ్డ ఇల్లు అది. మనిషి అడ్డంగా పడుకోగలిగినంత మందం రాతిగోడలు, కౌగిలికి అందని స్తంభాలు, పెంకుల కప్పు. రోడ్డు వైపున్న ముందుగదికి బండి దూరేంత తలుపు. వెనకనున్న వంటగదికి మాత్రం పొగ పోవడానికని కప్పులో రెండు పెంకులు పక్కకి జరిపారు. అదీ ఎవరో పుణ్యాత్ముడు దయతలచి. వాన పడితే ఆ సందులోంచి పొగ బయటికి పోయేది కాదు, నీళ్లు మాత్రం లోపలికి వచ్చేవి.

ఆ పొగంతా మింగుతున్నది ఆ ఇంటి కోడలు. దగ్గు ఆమె గుండెల్లో కాపురం పెట్టింది. డాక్టరు చెవికి గొట్టాలు తగిలించుకుని విని, "మందులు నేనిస్తాను, కిటికీ మీరు పెట్టించుకోండి. అది లేకపోతే ఇది దండగ" అని తేల్చేశాడు. కోడలు ఆ మాట తెచ్చి మామగారి ముందు పెట్టింది. ఆయన్ని ఇంటా బయటా అందరూ పెద్దాయన అంటారు. ముందుగదిలో రాతిగద్దె మీద, పరుపు వేసుకుని, రోడ్డున పోయేవాళ్ల నమస్కారాలు అందుకోవడం ఆయన ఉద్యోగం.

"మా అమ్మ ఆ గదిలోనే వండింది. ఆవిడకి దగ్గు రాలేదే?" అన్నాడు పెద్దాయన.

"ఆవిడ దగ్గితే మీకు ఇక్కడికి వినబడేదా మావయ్యగారూ?"

"చూడమ్మాయ్, ఈ ఇంటి గోడల్ని తరతరాల నుంచి ఎవరూ ముట్టుకోలేదు. రాయి కదిలిందంటే వంశం కదిలినట్టే."

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ కోడలి మొగుడు దూలాలకేసి చూస్తూ నిలబడ్డాడు. పాలకేంద్రంలో లెక్కలు రాసే ఆ మహానుభావుడికి ఇంట్లో గొడవ మొదలయ్యేసరికి కప్పు మీద ఎక్కడలేని ఆసక్తీ పుట్టుకొస్తుంది.

ఇక అడిగి లాభం లేదని కోడలికి అర్థమైంది. పెద్దాయన కంటి డాక్టరు దగ్గరికి పట్నం వెళ్లే రోజు కోసం కాచుకుని కూర్చుంది. ఆ రోజు రానే వచ్చింది. పొద్దున బస్సుకి ఆయన వెళ్తారు, సాయంత్రం బస్సుకి వస్తారు. ఈలోగా మేస్త్రీ వచ్చి గోడ కొట్టి, చట్రం బిగించి, సున్నం పూసి, మసి ఊడ్చి వెళ్లిపోతాడు. అదీ పథకం.

"నాన్నకి తెలిస్తే?" అన్నాడు మొగుడు. అప్పటికే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా తెలుస్తుంది? వంటగదికి దారెటో ఆయనకి తెలుసా అసలు?"

అది నిజమే. పెద్దాయన ఆ గదిలో చివరిసారి ఎప్పుడు కాలుపెట్టాడో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. కంచం ఆయన దగ్గరికి నడిచి వచ్చేదే గానీ ఆయన కంచం దగ్గరికి నడిచిన పాపాన పోలేదు.

మేస్త్రీ వచ్చాడు. పనితో పాటు నోరు కూడా ఆడించే మనిషి. గోడ మీద సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి, చెవి ఆనించి, "ఈ గోడ నాకు ఎదురు చెబుతోందమ్మా" అన్నాడు. నాలుగు దెబ్బలకి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఐదో దెబ్బ వేయబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఇలా రండి. ఇదేంటో చూడండి."

రాళ్ల గోడలో ఇటుకలు విల్లులా వంచి పేర్చి ఉన్నాయి. ఆ విల్లు కింద రాళ్లు వేరే రంగు, వేరే రకం. మేస్త్రీ గునపంతో ఒక రాయిని ఊడబెరికాడు. వెనక మళ్లీ గోడ ఉండాలి కదా. లేదు. ఖాళీ. చీకటి. మేస్త్రీ చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. ఎక్కడో దూరాన వేళ్లకి మళ్లీ రాయి తగిలింది. పక్కన తడిమితే తుప్పు పట్టిన ఇనప కొక్కెం ఒకటి దొరికింది.

"గోడ లోపల గది ఉందేంటండీ?" అంది కోడలు. ఇన్నేళ్లు తను గిన్నెలు బోర్లించిన గోడ, లోపల ఏదో దాచుకుని తనకి ఎదురుగా నిలబడి ఉందన్నమాట! మొగుడు కూడా దూలాలు వదిలేసి దగ్గరికి వచ్చాడు. ముగ్గురూ తలలు కలిపి ఆ బొక్కలోకి చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో గేటు చప్పుడైంది.

కంటి డాక్టరు పెద్దాయన కళ్లలో చుక్కల మందు పోసి, సాయంత్రం దాకా ఏమీ సరిగా కనబడదని చెప్పి, అంతలో తనకేదో అర్జెంటు పని తగిలి మళ్లీ రమ్మని పంపించేశాడు. కళ్లు మసకలు కమ్మి బస్సెక్కలేక తడుముకుంటున్న ఆయన్ని, బస్టాండులో కనబడిన వాళ్ల ఊరి రిటైరైన చరిత్ర మేష్టారు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. గుమ్మం దాటాక పెద్దాయన ఆ చెయ్యి విదిలించుకున్నాడు. "నా ఇంట్లో నాకు దారి చూపిస్తావేంటయ్యా" అని, ముందుగదిలో కుడివైపుకి తిరగాల్సినవాడు ఎడమవైపుకి తిరిగి, నడవ పట్టుకుని తిన్నగా పోయి పోయి వంటగదిలో తేలాడు. ఇన్నేళ్లకి ఆ గదిలో ఆయన కాలు పడింది. అదీ కళ్లు కనబడక.

"ఇదేం దుమ్ము? ఎవరక్కడ? నా గద్దె ఏది?"

"మీరు వంటగదిలో ఉన్నారు మావయ్యగారూ" అంది కోడలు.

"వంటగది ఇక్కడెందుకుంది?" అని రెండడుగులు వేశాడు. కాలికి రాయి తగిలింది. వంగి తడిమాడు. రాయే. పెద్దాయన గొంతు మారిపోయింది. "గోడ... గోడ ఎవరు కొట్టారు?"

మేస్త్రీ సుత్తి వీపు వెనక దాచాడు. కోడలు "నేనే" అనడానికి నోరు తెరిచింది. ఆమె కన్నా ముందు మొగుడి నోరు తెరుచుకుంది. భయపడ్డ మనిషి నోట్లోంచి ఏం ఊడిపడుతుందో దేవుడికి కూడా తెలియదు.

"పరిశోధన నాన్నా!"

"ఎవరి పరిశోధన?"

మొగుడు నాలుగు దిక్కులా చూశాడు. గుమ్మంలో చరిత్ర మేష్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మేష్టారిది!"

మేష్టారు ఆ మాట ఖండించాల్సింది. ఖండించలేదు. ఎందుకంటే ఆయన జన్మంతా ఆ మాట కోసమే ఎదురుచూశాడు. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు పెద్ద కోట ఉండేదని ఆయన నమ్మకం. బళ్లో చెప్పిన ప్రతి పాఠం చివరికి ఆ కోట దగ్గరికే వచ్చి ఆగేది. పిల్లలు ఆయనకి 'కోట మేష్టారు' అని పేరు పెట్టారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పేరు అలాగే ఉండిపోయింది. కోట ఒక్కటే ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు ఎదురుగా గోడలో ఇటుకల విల్లు, దాని కింద చీకటి.

"అవును" అన్నాడు.

"మా ఇంట్లో ఏం పరిశోధనయ్యా?" అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం సగం దిగింది.

మేష్టారు కొక్కేన్ని ముట్టుకున్నాడు, విల్లును నిమిరాడు, బొక్కలో తల దూర్చి తీశాడు. తల నిండా బూజు. కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి. "ఇది ఇల్లు కాదండీ. కోటకి ముందు కాపలా ఠాణా. ఇది సొరంగం మొహం. ఈ కొక్కెం ఉందే, ఖైదీలను గొలుసులతో కట్టేసేది దీనికే."

"మరి మా పూర్వీకులు?"

"ఠాణాలో ఎవరుంటారండీ? దళపతి."

పెద్దాయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. "నేను ముందు నుంచీ అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత మేష్టారుని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ముందుగదికి నడిచాడు. అక్కడ నేల వాకిలి వైపు కొద్దిగా వాలుగా ఉంటుంది. నీళ్లు పోస్తే తలుపు కిందికి పరిగెడతాయి. ఎందుకలా? దర్బారులోకి అడుగుపెట్టిన మనిషి ఏటవాలు నేల మీద ఎక్కుతూ, తనకి తెలియకుండానే తల వంచుకుని రావాలి, అందుకు. స్తంభాలకి ఇనప కడియాలు ఎందుకు? యుద్ధంలో ఓడిన వాళ్లని కట్టేయడానికి. మరి పెద్దాయన కూర్చునే రాతిగద్దె? మేష్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "సింహాసనం" అన్నాడు.

పెద్దాయన వెళ్లి దాని మీద కూర్చున్నాడు. అంతకు ముందు కూర్చున్నట్టు కాదు. వీపు నిటారుగా పెట్టి, మోకాళ్ల మీద చేతులు పెట్టి, బొమ్మ గీయించుకోవడానికి కూర్చున్నట్టు. "అమ్మాయ్, వంశ చరిత్ర తేలేదాకా వంటగదిలోకి ఎవరూ వెళ్లొద్దు. పొయ్యి పెరట్లో పెట్టుకో. మేస్త్రీ, నువ్వు సుత్తి ముట్టుకుంటే చేతులు విరిచేస్తా. బ్రష్షుతో దుమ్ము దులపాలి, అంతే."

"బ్రష్షుతో గోడ ఎలా పడగొడతారండీ?" అన్నాడు మేస్త్రీ.

"పడగొట్టడం ఏంటి?"

"కిటి..." అనబోయింది కోడలు. మొగుడు ఆమె కాలు తొక్కాడు. చరిత్రలో ఇలాంటి కాళ్లు ఎన్ని తొక్కబడ్డాయో ఏ మేష్టారూ రాయలేదు.

మర్నాడు వంటగది గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి కోడలు వంట మొదలుపెట్టింది. మొదటి పూట ఆమెకి భలే ఉంది. వెలుతురే వెలుతురు. కూరలో కారం ఎంత పడిందో కళ్లతో చూసింది. దగ్గు రాలేదు. మర్నాటికి ముసురు పట్టింది. నెత్తిన పట్టా కట్టారు. పట్టా కింద పొగ సుడులు తిరిగి, ఎటు పోవాలో తెలియక, తిన్నగా ఆమె ముక్కులోకే వచ్చింది. పాత దగ్గుకి కొత్త దగ్గు తోడైంది. ఇంట్లో వాళ్లకి మాత్రమే వండితే సరిపోయేదీ కాదు. సొరంగం చూడ్డానికి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లందరికీ టీ. దళపతి గారి ఇల్లాయె, టీ ఇవ్వకుండా ఎలా పంపుతారు?

ఒకాయన వచ్చి, సొరంగం తన ఇంటి కిందుగా పోతోంది కాబట్టే తన నుయ్యి ఎండిపోయిందని గొడవ పెట్టుకున్నాడు. ఆయన పక్కింటాయన అడ్డం వచ్చి, సొరంగం తన ఇంటి కిందే పోతోందని, మధ్యలో వీడెవడని తిరగబడ్డాడు. మొన్నటిదాకా లేని సొరంగం కోసం ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. టీ మాత్రం ఇద్దరూ తాగారు.

ఇక పెద్దాయన. కళ్లకి నల్లద్దాలు, మీసానికి మెలి. అంతకు ముందు మంచినీళ్లు కావాలంటే "అమ్మాయ్" అని పిలిచేవాడు. ఇప్పుడు చప్పట్లు కొట్టి "ఎవరక్కడ!" అంటున్నాడు. ఆ మాటకి కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడుతున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక కోడలు పెరట్లో పొయ్యి ఊదుకుంటోంది.

అయినా ఆ బొక్క ఆమెని ఊరికే ఉండనివ్వలేదు. ఒక మధ్యాహ్నం అందరూ భోంచేసి నడుం వాల్చినప్పుడు, తాడు కింద నుంచి వంగి లోపలికి వెళ్లింది. టార్చి వేసి చూసింది. విల్లు కింద, అడుగున పలకరాయి ఒకటి ఉంది. దాని రెండు అంచులూ గరుకు. నడిమిభాగం మాత్రం నున్నగా, కొద్దిగా పల్లంగా అరిగి ఉంది. కోడలు తన మోచేతులు అక్కడ ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయాయి. ఎవరో చాలా కాలం ఇక్కడ ఇలాగే నిలబడ్డారు. ఒక్కరు కాదు, ఎంతోమంది. ఎవరు వాళ్లు? పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు ఇలా వచ్చి నిలబడేవాళ్లా?

రాత్రి భోజనాల దగ్గర మొగుణ్ని అడిగింది. "ఖైదీ మోచేతులు ఆనించుకుని దేన్ని చూస్తాడండీ, గోడలో?"

"నువ్వు చరిత్రలో వేలు పెట్టకు."

"వేలు కాదు, మోచెయ్యి పెట్టాను. సరే గానీ, రేపటిలోగా మీ నాన్నకి నిజం చెబుతారా, నేను చెప్పనా? నా ఊపిరితిత్తులు మీ దళపతి కోసం ఆగవు." అంటూనే దగ్గు తెర కమ్ముకుని ఆమె గోడకి ఆనుకుపోయింది. మొగుడు ఆ దగ్గు వింటూ ఉండిపోయాడు. కప్పుకేసి చూడలేదు. పాపం, మనిషి మరీ రాయి కాదు.

మర్నాడు పొద్దున ధైర్యం కూడగట్టుకుని తండ్రి ముందు నిలబడ్డాడు. "నాన్నా, ఆ గోడ సంగతి..."

"అదే చెప్పబోతున్నాను. పాత కట్టడాల శాఖకి అర్జీ పెట్టేశాను. ఇవాళ వాళ్ల అధికారి వస్తున్నారు. ఈ ఇంట్లో ఇకనుంచి ఎవరూ ఒక్క రాయి కూడా కొత్తగా పెట్టరని, ఒక్క బొక్క కూడా కొత్తగా కొట్టరని సంతకం చేసిచ్చాను. మన గుమ్మానికి ప్రభుత్వం వాళ్ల పలక వేస్తారట్రా!"

మొగుడు పెరట్లోకి వచ్చి ఆ కబురు చెప్పాడు. కోడలు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అంటే కిటికీ ఇక ఈ జన్మకి లేదు. నిన్నటిదాకా మామగారు ఒప్పుకోలేదు. ఇవాళ్టి నుంచి చట్టం ఒప్పుకోదు. ఒక మనిషిని ఎదిరించబోయి ప్రభుత్వాన్ని తెచ్చి నెత్తిన కూర్చోబెట్టుకున్నారు!

అధికారి వచ్చింది. దళపతిని చూడ్డానికి జీపులో పటాలం దిగుతుందని పెద్దాయన అనుకున్నాడు. బస్సు దిగి నడిచి వచ్చింది ఒక నడివయసు ఆవిడ. దుమ్ము కొట్టుకున్న బూట్లు, భుజాన సంచి, చేతిలో కొలత టేపు. వచ్చీరాగానే మంచినీళ్లు అడిగి తాగింది. తర్వాత మనుషుల మొహాలు చూడకుండా నేలకేసి చూడటం మొదలుపెట్టింది. పెద్దాయన ఉతికిన బట్టల్లో సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. మేష్టారు పక్కనే మంత్రిలా నిలబడ్డాడు. గుమ్మంలో ఊరి జనం. మేస్త్రీ బ్రష్షు చేత్తో పట్టుకుని ఓ మూల.

ఆవిడ నేల మీద చెంబెడు నీళ్లు పోయించి, అవి తలుపు కిందికి పారడం చూసింది. స్తంభాల దగ్గరికి వెళ్లి, నడుం ఎత్తున రాయి ఎంత నున్నగా ఉందో అరచేత్తో రుద్దింది. కడియాలు కదిపి చూసింది. తల ఊపుకుంది.

"ఈ గదిలో మొదట్లో ఎన్ని ఉండేవో మీకేమైనా తెలుసా?" అంది.

"సైనికులా?" అన్నాడు పెద్దాయన.

"పశువులు."

ఊరి జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఏం మాట్లాడుతున్నారు మీరు? ఇది దర్బారు!"

"కాదండీ, కొట్టం. వాలు ఉన్నది పశువుల మూత్రం బయటికి పోవడానికి. కడియాలు పలుపుతాళ్లకి. మెడలు రాపిడి పెట్టుకుని పెట్టుకుని స్తంభాలు ఇలా నునుపెక్కాయి. మనుషులు ఎవరూ స్తంభాలకి మెడ రుద్దుకోరు కదా. మీరు ఒక్కసారి లేస్తారా?"

"దేనికి?"

"దయచేసి."

పెద్దాయన లేచాడు. ఆవిడ పరుపు తీసింది. పరుపు కింద చెక్క ఉంది. మేస్త్రీ వచ్చి ఆ చెక్క ఎత్తాడు. కింద రాయి నిలువునా తొలిచి ఉంది, తొట్టిలా. లోపల అద్దంలా మెరుస్తోంది.

"గాడి" అంది ఆవిడ. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజానికి కొంచెం ముచ్చట ఉంది. "మేత వేసే తొట్టి. ఎన్నో తరాల పశువులు నాలుకలతో నాకితే తప్ప రాయి ఇంత నున్నగా తయారవదు. ఇంత మంచి గాడి నేను ఈ మధ్య చూడలేదు."

మేస్త్రీకి దగ్గొచ్చింది. అది నిజం దగ్గు కాదు. పెద్దాయన గాడికేసి, తన ఉతికిన బట్టలకేసి, గుమ్మంలో జనంకేసి చూశాడు. ఇన్నేళ్లు ఆ జనం నమస్కారాలు పెట్టింది గాడిలో కూర్చున్న మనిషికా? జనానికీ సరిగ్గా అప్పుడే ఆ ఆలోచన వచ్చినట్టుంది, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"మరి కోట?" అన్నాడు మేష్టారు, పీలగా.

"ఉంటే ఉండొచ్చు మేష్టారూ. ఇక్కడ మాత్రం లేదు. సొరంగం అన్నారే, అదెక్కడ?"

వంటగది గుమ్మంలో తాడు తీశారు. లోపలికి అడుగుపెట్టిన ఆవిడ అప్పటిదాకా ఉన్న తొందరంతా మర్చిపోయి నిలబడిపోయింది. టార్చి పైకి వేసింది. మసి కింద దూలాల మీద తీగలు, పూలు చెక్కి ఉన్నాయి. ఇన్నేళ్లు ఆ గదిలో ఉన్న కోడలు కూడా ఎప్పుడూ చూడలేదు. చూడ్డానికి వెలుతురు ఏది? నేల మీద పలకరాళ్లు సందు లేకుండా అతికి ఉన్నాయి. ఆవిడ గోడలన్నీ తట్టుకుంటూ వెళ్లి, ఇంకో రెండు చోట్ల సున్నం గీకించింది. ఆ రెండు చోట్లా ఇటుకల విల్లులే బయటపడ్డాయి.

"బయట ఈ గోడకి ఆనించి ఏముంది?"

"కట్టెల మోపులు" అంది కోడలు.

"తీయించండి. మేస్త్రీ, ఆ సుత్తి ఎక్కడ దాచావో తీసుకో."

సుత్తి పేరు వినగానే మేస్త్రీకి ప్రాణం లేచి వచ్చింది. బయటి వైపు నుంచి నాలుగు రాళ్లు లాగాడు. అంతే. ఇన్నేళ్ల చీకట్లోకి వెలుతురు ఒక్కసారిగా పడింది. గదిలో ఉన్న వాళ్లంతా కళ్లు చిట్లించారు. దుమ్ము ఆ వెలుతురులో తేలుతోంది. అవతల పొలాలు కనబడ్డాయి. గాలి వచ్చింది.

"కిటికీ" అంది అధికారి. "ఒకటి కాదు, మూడు. ఆ కొక్కెం తలుపు రెక్క తగిలించేది. అసలు ఇల్లు ఇదేనమ్మా. మొదట కట్టింది ఈ ఒక్క గదే. వండుకున్నా, తిన్నా, పడుకున్నా అందరూ ఇందులోనే. మంచి కర్ర, మంచి రాయి, మంచి పనితనం అంతా ఇక్కడే పెట్టారు. వాకిలి కూడా ఇటే ఉండేది. ఆ కట్టెల కింద మెట్లు చూశారా? ఆ కొట్టం తర్వాత తగిలించింది."

"మరి కొట్టంలోకి ఎందుకు పోయారు?" అని అడిగింది కోడలు. ఆమెకి కిటికీ కంటే ఆ జవాబు మీద ఆత్రం ఎక్కువైంది.

ఆవిడ విల్లు కింద నుంచి తీసిన రాళ్లలో ఒకటి ఎత్తి చూపించింది. ఒక వైపు నున్నగా మెరుస్తోంది. "ఇది ఇంకో గాడి ముక్క. అంటే పశువుల్ని ఖాళీ చేయించినప్పుడే ఈ కిటికీలూ మూశారు. గాళ్లు పగలగొట్టి ఆ రాళ్లతో పూడ్చారు. బయట చూస్తే తెలుస్తూనే ఉంది. రోడ్డు కొత్తది, ఇల్లు పాతది. రోడ్డు పడ్డాక కొట్టం ముందుకొచ్చింది, ఇల్లు వెనక్కి పోయింది. పోయే వాళ్లు తమని చూడాలి కదా. మగవాళ్లు వెళ్లి కొట్టంలో కూర్చున్నారు."

"ఆడవాళ్లని ఇక్కడ పెట్టి మూశారు" అంది కోడలు.



పెద్దాయన నడవలోంచే అరిచాడు. "నాకీ చరిత్ర వద్దు! అర్జీ వెనక్కి ఇచ్చేయండి!"

"నమోదైపోయిందండీ. మీరే సంతకం పెట్టారు."

"రాయి కదపనని పెట్టాను!"

"కొత్త రాయి పెట్టనని, కొత్త బొక్క కొట్టనని పెట్టారు. ఇవి కొత్తవి కాదు. తర్వాత పూడ్చినదంతా తీసేసి మొదట ఎలా ఉందో అలా చేయాలి. అదే నియమం. మూడు కిటికీలూ తెరవాలి. తెరవకపోతే తప్పు మీది."

"మూడూనా?" అంది కోడలు. ఒక్కదాని కోసం దొంగతనంగా పథకం వేసిన మనిషి మూడు వేళ్లు చాపి చూపించింది.

"మూడూ."

"పరిశోధన ఫలించింది నాన్నా" అన్నాడు మొగుడు. తండ్రి చూసిన చూపుకి మళ్లీ దూలాలకేసి తిరిగాడు. ఈసారి మాత్రం అక్కడ చూడ్డానికి పూలున్నాయి.

మూడు కిటికీలూ తెరిచారు. రెక్కలు బిగించారు. దూలాలు కడిగారు. శాఖ వాళ్లు మాట ప్రకారం గుమ్మానికి పలక కూడా వేశారు. ముందుగది బయట 'పశువుల కొట్టం' అని, చదువు రానివాడికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో. రోడ్డున పోయేవాళ్లు ఆగి, పలక చదివి, లోపల కూర్చున్న పెద్దాయన్ని చూసి, నమస్కారం పెట్టాలో వద్దో తేల్చుకోలేక వెళ్లిపోతున్నారు. పాపం ఆయన అలా ఎన్నాళ్లు కూర్చుంటాడు?

ఒక పొద్దున పరుపు చంకన పెట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. ఈసారి కళ్లు కనబడుతూనే. నాలుగు వైపులా చూశాడు. అన్నిట్లోకీ పెద్ద కిటికీ కింద పరుపు పరిచాడు.

"అసలు ఇల్లు ఇదని తేలింది కదమ్మాయ్. ఇంటి పెద్ద అసలు ఇంట్లోనే ఉండాలి. నువ్వు వంట ఆ ముందుగదిలోకి మార్చుకో."

చూశారా! ఇంత జరిగాక, ఇన్ని రాళ్లు ఊడాక, ఆ మనిషికి తట్టింది అది. వెలుతురు ఎక్కడుంటే కుర్చీ అక్కడ, పొగ ఎటు పోతే కోడలు అటు. గోడలు కూలినా ఈ అలవాటు కూలదు.

కోడలు కోపం తెచ్చుకోలేదు. గరిటెతో పైన దూలం చూపించింది. "ఆ నలుపు చూశారా మావయ్యగారూ? కడిగినా పోలేదు. పొయ్యి మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉందని ఆ అధికారిగారు నమోదు చేసుకుని వెళ్లారు. పొయ్యి కదపడానికి వీల్లేదు. నియమం."

"మరి నేను?"

"కూర్చోండి. మొదట్లో అందరూ ఇక్కడే కూర్చునేవాళ్లట కదా."

ఆయన కూర్చున్నాడు. కోడలు చిక్కుడుకాయల బుట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది.

"ఇదేంటి?"

"చిక్కుడుకాయలు. ఈనెలు తీయాలి."

"నేనా?"

"దళపతి గారికి ఆ మాత్రం చేతకాదా నాన్నా?" అన్నాడు గుమ్మంలోంచి కొడుకు. ఆ మాట అనేశాక తనే భయపడిపోయాడు గానీ, వెనక్కి తీసుకోలేదు.

పెద్దాయన ఒక కాయ తీశాడు. తిప్పి చూశాడు. ఈనె ఎటు నుంచి లాగాలో తెలియలేదు. కోడలు ఒకటి లాగి చూపించింది. రెండో కాయకి కుదిరింది. ఆ రోజు కూర ఉడికేదాకా ఆ గదిలో ఎవరూ దగ్గలేదు.

ఇప్పుడు జరగాల్సింది ఇదీ. చీకటి వంటగది ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇంటి పెద్దని పట్టుకొచ్చి ఆ గదిలో కూర్చోబెట్టండి. పొయ్యి రాజేయండి, చేతికి ఊదుగొట్టం ఇవ్వండి, తలుపుకి బయట నుంచి గడియ పెట్టండి. బతిమాలొద్దు, డాక్టరు చీటీలు చూపించొద్దు. కిటికీ ఎక్కడ పెట్టాలో ఆయనే అరిచి చెబుతాడు. మేస్త్రీని మాత్రం ముందే పిలిచి ఉంచుకోండి, ఆయన ఎక్కువసేపు ఆగలేడు.